చైనా మిషన్‌కు బొట్టు

రండి బిడ్డా, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ మూల కుర్చీ వద్దు, దానికి ఒక కాలు పొట్టి. చాప మీదికి రండి. ముప్పై నాలుగేళ్లు రైస్ మిల్లు చప్పుడులో బతికినదాన్ని. నా గొంతు పెద్దది, వినికిడి చిన్నది. దూరంగా కూర్చుంటే మీరు అడిగేది నాకు వినపడదు, నేను చెప్పేది పక్క వీధికి వినపడుతుంది.

నా పేరు గంగామణి. బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే తోవలో ఉన్న ఒక మిల్లులో చాటతో బియ్యం ఏరే పనికి చేరాను. బియ్యం ఏరే మిషన్‌కు కాపలా ఉండే పని చేస్తూ మానేశాను. చదివింది మూడో తరగతి. కొత్తగా మిల్లులో చేరే ఆడపిల్లలు వచ్చి "అవ్వా, గా పని ఎట్లుంటదో జెప్పరాదు" అని అడుగుతున్నారు గనక ఇది చెప్తున్నాను. ఎప్పుడు చేరాను, కూలి ఎప్పుడు పెరిగింది అని మొదలుపెడితే మీకు ఆవలింతలొస్తాయి. అవి వదిలేస్తాను. నాకు పని నేర్పిన సంగతులే చెప్తాను. వాటిలో పెద్దది నా తప్పు. ఆ తప్పును మా మిల్లు మొత్తం చైనా దేశం మీద వేసింది.

టీవీలో కోట్లు వేసుకున్నవాళ్లు కూర్చుని ప్రపంచం వ్యాపారంతో ఒకటవుతోందా, రాజకీయాలతో ముక్కలవుతోందా అని అరుచుకుంటారు. నాకు దేశాల పేర్లు సగం నోరు తిరగవు. కానీ ఆ ముక్కలవడం మా మిల్లు గేటు దాకా ఎట్లా వచ్చిందో నా కళ్లతో చూశాను. చూసినంతే చెప్తాను.

చాట కాలం

నేను చేరినప్పుడు మిల్లు పెద్ద సేటుది. వాళ్ల నాయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం చేసిన మనిషి. పెద్ద సేటుకు మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ముప్పై మంది ఆడవాళ్లం వరసగా కూర్చుని చాటల్లో బియ్యం చెరిగి నల్ల గింజ, వడ్ల గింజ, మట్టి పెల్ల ఏరేవాళ్లం. సాయంత్రం ఆయన వచ్చి పిడికెడు తీసి చూసేవాడు. మంచి బియ్యంలోంచి తీస్తాడనుకున్నాను. కాదు, మేము పారేసిన చెత్తలోంచి తీసేవాడు.

మొదటి వారం నేను భయం కొద్దీ కాస్త తేడా కనపడిన ప్రతి గింజా చెత్తలో వేశాను. ఆయన పిడికిలి తెరిచి నా ముందు పెట్టాడు. అందులో సగం మంచి బియ్యమే.

"చూడమ్మా, మంచి బియ్యంలో రాయి ఉంటే కొన్నవాడు చెప్తాడు. చెత్తలో పోయిన బియ్యం సంగతి ఎవడూ చెప్పడు. ముందు చెత్త చూడటం నేర్చుకో" అన్నాడు.

పక్కన కూర్చున్న నర్సవ్వ నా ఈడుదే. ఆమె నోరు ఊరుకుంటుందా? "గంగామణిని పిల్లగాన్ని జూడ తోలితే ఒక్కడు గూడ మిగలడు. అందర్ని చెత్తలనే ఏస్తది" అన్నది. ముప్పై మందీ చాటలు పక్కన పెట్టి మరీ నవ్వారు. ఆ రోజు బస్తా మొత్తం మళ్లీ ఏరాను.

చెన్ వచ్చిన పన్నెండు రోజులు

పెద్ద సేటు పోయాక ఆయన కొడుకు వెంకట్రావు సేటు అయ్యాడు. ఆయనకు తండ్రి చూపు రాలేదు గానీ, తండ్రి దాచుకున్న మాటలన్నీ వచ్చాయి. ఆయన చైనా నుంచి రంగు చూసి బియ్యం ఏరే మిషన్ తెప్పించాడు. రెండు బీరువాలంత ఉంటుంది. పైనుంచి బియ్యం జారుతుంటే, అద్దాల వెనక ఉన్న కెమెరాలు ప్రతి గింజనూ చూస్తాయి. నల్లగానో పచ్చగానో కనపడితే టక్కున గాలి కొట్టి పక్కకు తోస్తాయి.

దాంతోపాటు చెన్ అని ఒక ఇంజనీరు వచ్చాడు. సన్నగా, చక్కగా నవ్వే పిల్లవాడు. మొదటిరోజు హోటల్లో బిర్యానీ తిని సాయంత్రం దాకా నోరు తెరుచుకుని ఫ్యాను కింద కూర్చున్నాడు. పాపమనిపించి మా ఇంటినుంచి ముద్దపప్పు, పచ్చిపులుసు పట్టుకుపోయాను. పప్పును చెంచాతో తిన్నాడు. పచ్చిపులుసును గ్లాసులో పోసుకుని ఛాయ్ తాగినట్టు ఊదుకుంటూ తాగాడు, అది చల్లగా ఉన్నా సరే. ఆ రోజు నుంచి నన్ను "అక్కా" అన్నాడు. ఆయనకు వచ్చిన తెలుగు ఆ ఒక్కటే.

మిషన్‌కు ఏది మంచి గింజో, ఏది చెడు గింజో మొదట చూపించాలట. చెన్ రెండు పళ్లాలు నా ముందు పెట్టి సైగ చేశాడు. నేను ఒకదాంట్లో మంచివి, ఒకదాంట్లో చెడ్డవి ఏరి పోశాను. మిషన్ వాటిని చూసి నేర్చుకుంది. దానికి అక్షరాభ్యాసం చేయించింది నేనే. పన్నెండో రోజుకు అది నాకంటే బాగా ఏరింది.

పదమూడో రోజు మా ముప్పై మందిలో ఇరవై నాలుగు మందిని సేటు పనిలోంచి తీసేశాడు. మిగిలిన ఆరుగురిలో నేనూ, నర్సవ్వా ఉన్నాం. ఆ సంగతి నవ్వుతూ చెప్పలేను. దేశాలు కలిసి వ్యాపారం చేసుకుంటే అందరికీ మంచిదని అంటారు. మాకు తెల్లటి బియ్యం వచ్చిన మాట నిజమే. ఇరవై నాలుగు చాటలు గోడకు ఎక్కిన మాటా నిజమే. రెండూ కలిపి చెప్పేవాణ్ని టీవీలో ఇంతవరకు చూడలేదు.

స్టిక్కర్ కింద స్టిక్కర్

తర్వాత కరోనా ఏడాది చైనా సరిహద్దులో గొడవైంది. మన సైనికులు చనిపోయారని విన్న రోజు మిల్లులో ఎవరం నవ్వలేదు. కొన్నాళ్లకు చెన్‌తో సేటు మాట్లాడే ఫోన్ యాప్ బందైంది. చెన్‌కు వీసా రాలేదు. మిషన్‌లో గాలి కొట్టే చిన్న వాల్వులు అంతకుముందు పది రోజుల్లో బొంబాయి మీదుగా వచ్చేవి. అవి నెలలు పట్టడం మొదలైంది.

మా ఫిట్టర్ మహబూబ్ ఆ వాల్వుల కోసం రంజాన్ నెలవంక కోసం చూసినట్టు చూసేవాడు. చివరికి ఒక రోజు పార్సిల్ వచ్చింది. పైన వియత్నాం అని స్టిక్కర్. మహబూబ్ గోటితో గీకితే కింద ఇంకో స్టిక్కర్, దాని మీద పాత చైనా అక్షరాలే.

"అరె గంగక్కా, గిది మన పాత సామానే. వేరే దేశం తిరిగొచ్చింది, గంతే" అన్నాడు.

"అత్తగారింటి పేరు వెట్టుకొని పుట్టింటి పిల్లనే వచ్చింది. కట్నం మాత్రం డబలైంది" అన్నది నర్సవ్వ.

వాళ్లవైపు అట్లా ఉంటే మనవైపు ఇంకోటి. దేశంలో ధరలు పెరుగుతున్నాయని తెల్ల బియ్యం బయటికి పోకుండా మన సర్కారు ఆపింది. మా బియ్యం కొనే దుబాయ్ వ్యాపారి కొన్నాళ్లు ఆగి, ఇంకో దేశం బియ్యానికి అలవాటుపడ్డాడు. మిల్లు వారానికి మూడు రోజులే తిరిగేది.

దసరాకు కొంచెం ముందు మళ్లీ పంపుకోవచ్చన్నారు. దుబాయ్ వ్యాపారి రెండు లారీల బియ్యం అడిగాడు. పండగ తర్వాత గురువారం తన మనిషి వచ్చి నమూనా చూస్తాడు, నల్ల గింజ కనపడకూడదు అన్నాడు.

సేటు మమ్మల్నందరినీ పిలిచాడు. "చూడండమ్మా, ఈ సరుకు నచ్చితే మనకు ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే ఇంక నా వల్ల కాదు, మిల్లు లీజుకి ఇచ్చేస్తాను. తీసుకునేవాడు తన మనుషుల్ని తెచ్చుకుంటానంటున్నాడు."

అంటే ఆరు చాటలు కూడా గోడకే. నాకు పని మానే వయసు దగ్గర పడింది, ఎట్లాగో గడుస్తుంది. నర్సవ్వ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో ఉన్నారు. ఆ రోజు ఆమె ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదు. అప్పుడు నాకు భయమేసింది.

ఆయుధ పూజ

దసరాకు మిల్లులో ప్రతి మిషన్‌కూ పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కడతాం. ఆ ఏడు సేటు కొబ్బరికాయ నా చేతికిచ్చి, "గంగమ్మా, ఇది ఆగితే బాగుచేసేవాడు రాడు. కొంచెం గట్టిగా మొక్కు" అన్నాడు.

గట్టిగా మొక్కమంటే ఎట్లా మొక్కాలి? నేను ఆలోచించాను. ఇన్నేళ్లుగా దీనికి వెనక ఇనుప రేకు మీద బొట్టు పెడుతున్నాం. ఎవరైనా వీపుకు బొట్టు పెడతారా? అందుకేనేమో దేవుడి చూపు దీని మీద పడటం లేదు. మహబూబ్ ఉంటే ఆపేవాడు, ఆయన అప్పుడే నమాజుకు పోయాడు. ముందు తలుపు తెరిచి, లోపల కెమెరాల ముందున్న అద్దానికి అయిదు బొట్లు పెట్టాను. జారకుండా పసుపులో నూనె చుక్క కూడా కలిపాను. ఎంత కళగా ఉందో! నర్సవ్వ చూసి "నిండు ముత్తైదువ లెక్క ఉన్నది" అన్నది. తలుపు మూసేశాం.

ఆ అద్దాన్ని దుమ్ము పట్టకుండా తుడిచే చిన్న రబ్బరు చెయ్యి ఒకటి మిషన్ లోపలే ఉంటుంది. అది తనంతట తనే అటూ ఇటూ తిరుగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ గుర్తుకు రాలేదు.

వెండి కాగితం

సోమవారం పొద్దున బియ్యం పోసి మీట నొక్కారు. మిషన్ లోపల మక్కజొన్నలు వేపినట్టు టపటపటపా మోత. మంచి బియ్యం వచ్చే వైపు బస్తా ఖాళీ. చెత్త వచ్చే వైపు గుట్ట.

మహబూబ్ బోర్డులు విప్పాడు, ఊదాడు, మళ్లీ బిగించాడు. "బోర్డు మంచిగనే ఉన్నది, గాలి మంచిగనే ఉన్నది. గిదేంది, కోపమొచ్చినట్టు అన్నీ తోసేస్తుంది?"

సేటు కొద్దిసేపు మిషన్‌నే చూశాడు. తర్వాత చిటికె వేశాడు. "అర్థమైంది! మనం బియ్యం మళ్లీ బయటికి పంపుతున్నామని వాళ్లకు తెలిసిపోయింది. అక్కడినుంచి మీట నొక్కేశారు!"

"ఎవరు సేటూ?"

"చైనా!"

ఆ మాట వినగానే నాకు నిజమేననిపించింది. అంత పెద్ద దేశం, కంప్యూటర్లు చేసేవాళ్లు, నొక్కలేరా? సేటు ముందు ఆఫీసులో ఇంటర్‌నెట్ తీగ పీకించాడు. మోత ఆగలేదు. మిల్లులో అందరి ఫోన్లూ ఒక బకెట్లో వేయించి బయట పెట్టించాడు. ఆగలేదు. చివరికి హోటల్ నుంచి పార్సిళ్లు కట్టే వెండి కాగితం చుట్టలు తెప్పించి, సిగ్నల్ లోపలికి రాకుండా మిషన్ చుట్టూ చుట్టించాడు. రెండు బీరువాలంత మిషన్ పెద్ద బిర్యానీ పార్సిల్‌లా నిలబడింది. లోపల మాత్రం టపటపటపా.

"సేటూ, గిప్పుడిది ఉడుకుతుందంటరా?" అని అడిగాడు మహబూబ్. సేటు చూసిన చూపుకు పానా పట్టుకుని మోటార్ల వైపు పోయాడు.

మంగళవారం మేము చాటలు దించాం. పాత ఇరవై నాలుగు మందిలో దొరికినవాళ్లను పిలిచాం. తొమ్మిది మంది వచ్చారు. ఒకామె మనవరాలి కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి, ఏరిందే మళ్లీ ఏరింది. వేళ్లకు పాత నడక కొంచెం కొంచెం తిరిగి వచ్చింది గానీ సాయంత్రానికి పదకొండు బస్తాలే అయ్యాయి. రెండు లారీలకు చాటలు ఎక్కడ చాలతాయి?

చెత్త బస్తా

బుధవారం సేటు మిషన్ కంపెనీకి వియత్నాంలో ఉన్న ఆఫీసుకు ఫోన్ కలిపి, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ మూడు భాషల్లో అరుస్తున్నాడు. నాకు చేసేదేమీ లేక చెత్త గుట్ట దగ్గర కూలబడ్డాను. చెయ్యి ఊరికే ఉండదు కదా. పిడికెడు తీసి చాటలో పోశాను.

అంతా మంచి బియ్యమే. ఇంకో పిడికెడు తీశాను, అదీ అంతే. అప్పుడు పెద్ద సేటు పిడికిలి గుర్తొచ్చింది. మొదటి వారం నేను చేసిందే ఈ మిషన్ చేస్తోంది. ప్రతి గింజా దాని కళ్లకు పచ్చగా కనపడుతోంది. దాని బుద్ధి చెడలేదు, కంటికే ఏదో అడ్డం పడింది.

కంటికి... బొట్టు పెట్టింది నేనే.

వెండి కాగితం చింపి తలుపు తెరిచాను. అయిదు బొట్లు లేవు. ఆ రబ్బరు చెయ్యి వాటిని ఈ చివర నుంచి ఆ చివరకు చక్కగా పూసింది. అద్దమంతా పెళ్లికూతురి చెంపలా పసుపు. కొంగు తీసి తుడిచాను. నూనె పసుపు గదా, మూడుసార్లు తుడిస్తే గానీ పోలేదు. మూసి, మీట నొక్కి, బియ్యం వదిలాను.

టక్. టక్. అక్కడొకటి, ఇక్కడొకటి. మంచి వైపు బస్తా నిండటం మొదలైంది.

సరిగ్గా అప్పుడే బయట సేటు ఫోన్‌లో "నా మిషన్ వదులుతారా లేదా!" అని గట్టిగా అరిచాడు. మోత మారిన చప్పుడు విని లోపలికి ఉరికొచ్చాడు. బియ్యం చూశాడు. ఫోన్ చూసుకున్నాడు.

"వదిలారు! భయపడ్డారయ్యా, వదిలేశారు!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏం చేయమంటారు? కొంగు నడుములో దోపుకున్నాను. మహబూబ్ ఒక్కడే చూశాడు.

"గంగక్కా, చీరె మీద గదేంది?"

"పప్పు."

"మంచిగ ఉడికినట్టుంది" అని పోయాడు.

గురువారం దుబాయ్ వ్యాపారి మనిషి వచ్చాడు. నల్లగుడ్డ మీద బియ్యం పోసి భూతద్దంతో చూశాడు. తల ఊపాడు. శుక్రవారం మధ్యాహ్నం లారీలు కదిలాయి. నర్సవ్వ లారీ వెనక నిలబడి "దుబాయ్ దాక వస్త, ఎక్కించుకో డ్రైవరన్నా" అన్నది. నాకు ప్రాణం లేచొచ్చింది.

శాలువా

కథ ఇక్కడ ఆగితే నేను ఇది చెప్పేదాన్ని కాదు. పది రోజుల తర్వాత సేటు మళ్లీ పిలిచాడు. "ఇంక చైనా సరుకుతో మనకు వద్దు. ఈ మిషన్ వచ్చిన ధరకు అమ్మేసి మన దేశంలో చేసింది తెస్తున్నాను. కంపెనీయే తన ఆపరేటర్లను పంపుతుందట" అన్నాడు.

బియ్యం నచ్చింది, మిల్లు నిలిచింది. మేము ఆరుగురం మాత్రం నా కొంగులో దాచిన అబద్ధం వల్ల పోతున్నాం. మిగతావాళ్లు బయటికి పోయాక నేను నిలబడ్డాను.

"సేటూ, మిషన్‌ను ఆపింది చైనా కాదు."

"మరెవరు? అమెరికానా?"

"నేనే."

మొత్తం చెప్పాను, నూనె చుక్కతో సహా. సేటు కుర్చీలో వెనక్కి వాలి ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ మహబూబ్ మెల్లగా అందుకున్నాడు. "సేటూ, ఆ కొత్త మిషన్ నేను పోయి చూసిన. పైన డబ్బా మనదే. తలుపు తీస్తే లోపల వాల్వులు, బోర్డు, స్టిక్కర్ కింద స్టిక్కర్, అన్నీ గవే."

సేటు ఫ్యాను మీదినుంచి చూపు దించాడు. "గంగమ్మా, మొన్న మిల్లర్ల మీటింగులో ఈ సంగతి చెప్పాను."

"ఏమని జెప్పినవ్ సేటూ?"

"ఒక్క ఫోన్‌తో చైనాను దించానని." గొంతు తగ్గించాడు. "శాలువా కప్పారమ్మా."

మహబూబ్ తలుపు వెనక్కి పోయాడు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడటం సందులోంచి కనపడుతూనే ఉంది. సేటు చూశాడు, మొదట కోపంగా, తర్వాత తనకే ఆగలేదు. ముగ్గురం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. మిషన్ అమ్మలేదు. ఆరుగురం ఉన్నాం. "నేను చెప్పేదాకా ఊళ్లో ఎవరికీ చెప్పకు" అన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు.

తర్వాత చెన్ వీడియో ఫోన్‌లో దొరికాడు. కంపెనీ ఆయన్ని కూడా వియత్నాం పంపించిందట. స్టిక్కర్ మారిన వాల్వులాగే ఆయనా దేశం మారాడు. సేటు నా తప్పును నా నోటితోనే చెప్పించాడు. ఫోన్‌లో మన మాటను వాళ్ల భాషలోకి మార్చే యంత్రం దాన్ని ఏమని మార్చిందో, చెన్ ముందు తెల్లబోయి, తర్వాత బల్ల కొట్టి నవ్వాడు. కొత్త సంవత్సరానికి వాళ్లవైపు మిషన్లకు ఎర్ర కాగితం అంటిస్తారట. ఒకసారి వాళ్లమ్మ తెచ్చి సరిగ్గా కెమెరా మీద అంటించిందట. చివర్లో గ్లాసు ఎత్తినట్టు చెయ్యి పెట్టి "అక్కా" అన్నాడు. పచ్చిపులుసు అడుగుతున్నాడని నాకు మాట మార్చే యంత్రం అక్కర్లేకుండానే తెలిసింది.

మీకు చెప్పేది

పిల్లలూ, ప్రపంచం ముక్కలైందా అని నన్నడిగితే, పూర్తిగా కాలేదంటాను. సామాను వస్తూనే ఉంది, బియ్యం పోతూనే ఉంది. తిన్నగా వచ్చేది చుట్టూ తిరిగి, పేరు మార్చుకుని, ఆలస్యంగా వస్తోంది. ఆ తిరుగుడు ఖర్చు రైతు మీదో, మా మీదో, బియ్యం వండుకునే ఇంటి మీదో పడుతుంది. దేశాలు కలిసినప్పుడు ముప్పై మందిమి ఆరుగురమయ్యాం, ఎవరూ అడగలేదు. విడిపోతున్నప్పుడు ఆరుగురం సున్నా కాబోయాం, అప్పుడూ ఎవరూ అడగలేదు. కాబట్టి ఏ పక్షం జెండా పట్టుకుని వచ్చినా, మీరు మాత్రం మా గతి ఏంటని అడగండి.

దేశాల మధ్య అనుమానం పుట్టాక ఇంకో తంటా ఉంది. ఇంట్లో చేసిన ప్రతి తప్పుకూ పొరుగు దేశం సిద్ధంగా దొరుకుతుంది. వాళ్లు నిజంగా తప్పు చేసే రోజు ఉండొచ్చు. ఆ రోజు కూడా ముందు మన చెత్త బస్తాలో చెయ్యి పెట్టి చూడండి.

నేను పని మానిన ఏడాది దసరాకు సేటు మీటింగు శాలువా తెచ్చి నాకే కప్పాడు. "ఇది న్యాయంగా నీది. ఇంక ఊరంతా చెప్పుకో" అన్నాడు. తర్వాత తనే మెత్తటి గుడ్డ తీసుకుని మిషన్ అద్దం తళతళలాడేలా తుడిచి, తలుపు మూసి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. పసుపు గిన్నె నా చేతికిచ్చాడు.

"వీపుకే గంగమ్మా. వీపుకే."

ఇగ లేవండి, పొద్దు పోతోంది. మీ ఇంటి చాటలో బియ్యం తరగకూడదు. మీ చేతి పనిని ఏ మిషనూ, ఏ సర్కారూ మిమ్మల్ని అడగకుండా లాక్కోకూడదు. దూరం పోయిన మీవాళ్లకు ఏ దేశంలో ఉన్నా ఒక అక్క ఇంటి ముద్దపప్పు దొరకాలి. మీ ఇంటిల్లిపాది చూపు పసుపు అంటని అద్దంలా తేటగా ఉండాలి. చల్లగా ఉండండి బిడ్డా.